ఉద్యోగుల మూడ్ చూసే సాఫ్ట్‌వేర్ కొనమంటున్నారు. కొనాలా?

కొత్తసీటు:
అందరికీ నమస్తే. మా సంస్థలో ఆరేడు వందల మంది పనిచేస్తారు. సగం మంది కంప్యూటర్ల ముందు, మిగతా సగం గోడౌన్‌లో షిఫ్టుల మీద. ఈమధ్య రాజీనామాలు పెరిగాయి. ఉద్యోగులు పనిలో ఎంత మనసు పెడుతున్నారో చూసే ఒక ఎంగేజ్‌మెంట్ ప్లాట్‌ఫామ్ చూసి రిపోర్టు ఇమ్మని పైనుంచి చెప్పారు. హెచ్‌ఆర్‌లో ఈ సీటుకి నేను కొత్త.

డెమో చూశాను. వారానికో పల్స్ సర్వే, అంటే చిన్న సర్వే, ఉంది. రోజూ పొద్దున్నే మీ మూడ్ ఎలా ఉందని అడిగే బొమ్మలు, ఒకరికొకరు పాయింట్లు ఇచ్చుకునే పేజీ, ధ్యానం నేర్పే యాప్ కూడా ఉన్నాయి. వీటన్నిటి పైనా ఒక ఏఐ. అది చాట్ మెసేజీలు చదివి ఏ టీమ్‌లో అసంతృప్తి ఉందో, ఎవరు మానేసేలా ఉన్నారో ముందే చెప్పేస్తుందట. చూస్తున్నంతసేపూ బాగానే అనిపించింది, బయటికొచ్చాక ఎందుకో మనసొప్పలేదు. వాడినవాళ్లు ఉంటే చెప్పండి. ఇందులో ఏది పనికొస్తుంది, ఏది పైపై మెరుపు?

గోడమీదపిల్లి:
మా దగ్గర ఆ బొమ్మలున్నాయి. బొమ్మ నొక్కితే గానీ లాగిన్ అవ్వదు. అందరం కళ్లు మూసుకుని నవ్వు బొమ్మే నొక్కుతాం. పొరపాటున ఏడుపు బొమ్మ మీద వేలు పడిందో, మేనేజర్ నుంచి "అంతా ఓకేనా" అని మెసేజ్, ఆ వెనకే హెచ్‌ఆర్ నుంచి మీటింగ్ పిలుపు. ఆ మీటింగ్‌కి పోయిన టైమంతా మళ్లీ నేనే పూడ్చుకోవాలి. రిపోర్టుల ప్రకారం చూస్తే మా ఆఫీసంత ఆనందం భూమ్మీద ఇంకెక్కడా లేదు.

లెక్కలపంతులు:
పిల్లి గారు నవ్విస్తూ చెప్పినా అసలు విషయం అదే. ఒక కొలతని లక్ష్యంగా మార్చిన మరుక్షణం అది కొలతగా పనికిరాదు. దీన్నే గుడ్‌హార్ట్ సూత్రం అంటారు. లాగిన్‌కి అడ్డం పెట్టి ప్రశ్న అడిగితే జనం లాగిన్ కోసం నొక్కుతారు తప్ప జవాబు చెప్పరు.

కొత్తసీటు గారూ, ముందు మీరు కొలవాలనుకుంటున్నది ఏమిటో తేల్చుకోండి. పనిలో ఎంగేజ్‌మెంట్ అనే ఆలోచనకి పునాది వేసింది విలియం కాన్, 1990లో. మనిషి తనని తాను పూర్తిగా పనిలో పెట్టాలంటే మూడు కావాలంటాడాయన. చేస్తున్న పనికి అర్థం ఉందనిపించాలి. ఉన్నమాట అంటే తనకేమీ కాదన్న ధైర్యం ఉండాలి. ఒంట్లోనూ మనసులోనూ ఆ పనికి సరిపడా ఓపిక మిగిలుండాలి. మూడ్ బొమ్మ వీటిలో ఏ ఒక్కదాన్నీ అడగదు.

ఇక క్షేమంగా ఉన్నారా అన్నది వేరే ప్రశ్న. దానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల డబ్ల్యూహెచ్‌ఓ-5 అని ఐదు ప్రశ్నల పట్టిక ఉంది. గత రెండు వారాలు ఎలా గడిచాయో అడుగుతుంది. ఒక్కో జవాబుకి 0 నుంచి 5 దాకా వేసి, మొత్తాన్ని 4తో హెచ్చిస్తే వందకి స్కోరు వస్తుంది. పనంటే ప్రాణం పెడుతూనే లోపల అరిగిపోయేవాళ్లు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. రెంటినీ కలగలిపి ఒకే పచ్చరంగు చూపించే డ్యాష్‌బోర్డులో వాళ్లు అసలు కనబడరు.

పాతకాపు:
హెచ్‌ఆర్‌లోనే తల పండింది నాకు. సర్వేలతో జనం విసిగిపోయారని అందరూ అంటారు. నేను చూసినంతలో జనం విసిగేది ప్రశ్నలకి కాదు. చెప్పింది ఎటు పోయిందో తెలియకపోవడానికి. వారం వారం అడిగే సంస్థ వారం వారం ఏదో ఒకటి మార్చగలదా? మార్చలేనప్పుడు మూడు నెలలకోసారి అడిగితే చాలు. ప్రశ్నలు ఐదారు మించొద్దు. మీ చేతిలో లేని విషయం అసలు అడగొద్దు. జీతం పెంచే ఉద్దేశం లేకపోతే "జీతంతో తృప్తిగా ఉన్నారా" అన్న ప్రశ్న ఎందుకండీ? అడిగాక మాత్రం వచ్చిన జవాబులన్నీ, చేదువి కూడా, అందరికీ చూపించాలి. ఏది చేస్తున్నామో, ఏది చేయలేమో, ఎందుకు చేయలేమో రాసి పెట్టాలి. "ఇది కుదరదు" అని నిక్కచ్చిగా చెప్పినా జనం అర్థం చేసుకుంటారు. మౌనాన్ని మాత్రం క్షమించరు.

ఇంకో సంగతి. గాలప్ అనే సర్వే సంస్థ ఉద్యోగుల ఎంగేజ్‌మెంట్ మీద ఏటా ప్రపంచవ్యాప్తంగా లెక్క తీస్తుంది. 2023లో 23 శాతం మంది ఎంగేజ్డ్ అని తేలింది, 2024లో అది 21కి పడింది. అన్నేళ్లుగా ఇన్ని సాఫ్ట్‌వేర్లు అమ్ముడయ్యాక వచ్చిన అంకె ఇది! అందులోనూ బాగా జారినవాళ్లు మేనేజర్లు, 30 నుంచి 27కి. టీమ్‌కీ టీమ్‌కీ మధ్య ఎంగేజ్‌మెంట్‌లో కనబడే తేడాలో 70 శాతం మేనేజర్ వల్లేనని చెప్పేదీ ఆ గాలప్పే. మరి ఆ మేనేజరే నీరసపడితే కింద యాప్ పెట్టి ఏం లాభం?

టీమ్‌లీడ్_గోడు:
పాతకాపు గారూ, మీకో దండం. ఈ చర్చల్లో మా గురించి ఎవరూ మాట్లాడరు.

మా టీమ్ పేజీలో పనిభారం అన్న గడి ఎర్రగా మారింది. నిజమే, ఇద్దరు మానేశారు, వాళ్ల స్థానంలో ఎవర్నీ ఇవ్వలేదు. మనిషిని తీసుకునే అధికారం నాకు లేదు, గడువు జరిపే అధికారమూ లేదు. కానీ ఎరుపు ఎందుకొచ్చిందో సంజాయిషీ రాయాల్సింది నేను. "యాక్షన్ ప్లాన్" అప్‌లోడ్ చేసేదాకా సిస్టమ్ రోజూ గుర్తుచేస్తూనే ఉంది. తర్వాతి సర్వేలో మా వాళ్లు నా మీద జాలిపడి మంచి మార్కులు వేశారు. గడి పచ్చబడింది. మా టీమ్‌ని ఆదర్శంగా చూపిస్తూ స్లైడ్ కూడా వేశారు. ఇప్పటికీ ఇద్దరు తక్కువే.

గోడమీదపిల్లి:
స్లైడ్ దగ్గర పగలబడి నవ్వాను, క్షమించండి.

కొత్తసీటు:
సర్వేలో పేర్లు కనబడవని వెండర్ గట్టిగా చెబుతున్నాడు. ఐదుగురికంటే తక్కువ మంది ఉంటే ఫలితమే చూపించదట. అది సరిపోదా?

లెక్కలపంతులు:
ఐదుగురి నిబంధన మంచిదే, కానీ అదొక్కటే కాపాడదు. డిపార్ట్‌మెంట్ మొత్తం పన్నెండు మంది అనుకోండి, ఆ ఫలితం కనబడుతుంది. అందులో ఒక టీమ్‌లో పదకొండు మంది, ఆ ఫలితమూ కనబడుతుంది. ఒకదాన్నుంచి ఇంకోటి తీసేస్తే మిగిలిన ఆ ఒక్కరి జవాబు చేతికొచ్చేస్తుంది. వయసు, హోదా, చేరిన సంవత్సరం అంటూ ఫిల్టర్లు ఒకదాని మీద ఒకటి వేసుకోనిస్తే ఇది ఇంకా తేలిక. వెండర్‌ని ఈ తీసివేత గురించే అడగండి. దాన్ని ఆపే ఏర్పాటు ఉంటే వెంటనే చెబుతాడు. లేకపోతే "మా డేటా ఎన్‌క్రిప్టెడ్" అంటాడు. రెంటికీ సంబంధం లేదు.

రాసే జవాబుల సంగతి మరీ ఘోరం. ఒక్కొక్కరికీ ఒక ఊతపదం, ఒక యాస ఉంటాయి. మేనేజర్ రెండు వాక్యాలు చదివి ఎవరు రాశారో చెప్పేస్తాడు. అందుకని రాతలు నేరుగా మేనేజర్‌కి వెళ్లకూడదు.

రాత్రిషిఫ్ట్:
చాలాసేపట్నుంచి చదువుతున్నాను. అందరూ ఆఫీసు వాళ్ల బాధలే చెబుతున్నారు. కొత్తసీటు గారు గోడౌన్ అన్నారు కాబట్టి రాస్తున్నా.

మాకు కంపెనీ ఈమెయిల్ లేదు. సర్వే లింకు మెయిల్‌కి వస్తుంది, అంటే మాకు రాదు. మా మూడ్ ఎవరికీ అక్కర్లేదు, సరే. మాకు కావలసింది ఏమిటో చెప్పనా? వచ్చేవారం నా షిఫ్ట్ ఎప్పుడో ఇప్పుడు తెలియాలి. ముందురోజు రాత్రి బోర్డు మీద కాగితం అంటిస్తే నేను నిద్ర ఎలా సర్దుకోవాలి? పిల్లల్ని ఎవరికి అప్పజెప్పాలి? ఒకరోజు నాకు కుదరకపోతే ఇంకొకరితో మార్చుకోవడానికి సూపర్‌వైజర్ కోసం పరుగెత్తాల్సిన పని లేకుండా ఉండాలి. ఓవర్‌టైమ్ ఎన్ని గంటలు పడిందో, ఎంత కోశారో, ఎందుకు కోశారో నా ఫోన్‌లో కనబడాలి. సెలవు అడిగితే ఔననో కాదనో అదేరోజు తెలియాలి. ఇవి ఉంటే మాలో సగం మంది మానెయ్యరు. రాసి పెట్టుకోండి.

లెక్కలపంతులు:
రాత్రిషిఫ్ట్ గారి మాటకి రుజువు కూడా ఉంది. గ్యాప్ బట్టల దుకాణాల్లో 2015–16లో సరిగ్గా ఇదే పరీక్షించారు. శాన్‌ఫ్రాన్సిస్కో, చికాగోల్లో 28 షాపులు. కొన్నిటిలో షిఫ్టుల వేళలు స్థిరంగా ఉంచారు, వారం తర్వాత వారం పెద్దగా మారకుండా చూశారు, సిబ్బంది తమలో తాము షిఫ్టులు మార్చుకోవడానికి ఫోన్‌లో ఒక యాప్ ఇచ్చారు. మిగతా షాపుల్లో ఈ మార్పులు చెయ్యలేదు. స్థిరమైన షిఫ్టులున్న షాపుల్లో అమ్మకాలు 7 శాతం పెరిగాయి. ఏ మూడ్ బొమ్మా లేదు. యాప్ చేసిందల్లా ఒక తలనొప్పి తీసెయ్యడం.

పాతకాపు:
ఇదే నేను వెతుకుతున్న మాట. హెచ్‌ఆర్‌లో టెక్నాలజీ అనగానే మనిషి మనసులోకి తొంగిచూసే పనిముట్ల మీదకే అందరి చూపూ పోతుంది. దారిలో ఉన్న రాళ్లు తీసే పనిముట్లు డెమోలో మెరవవు. రీయింబర్స్‌మెంట్ మూడు వారాలు ఆగడం, బదిలీ కాగితం ఎవరి టేబుల్ మీద ఉందో తెలియకపోవడం, కొత్తగా చేరినవాడికి మొదటిరోజు లాగిన్ రాకపోవడం. మనుషులు సంస్థ మీద అభిప్రాయం ఏర్పరచుకునేది ఇలాంటి వాటితోనే.

అటుపక్క:
నేను ఇలాంటి సాఫ్ట్‌వేర్ తయారుచేసే చోట పనిచేస్తాను. తిట్లు తినడానికి సిద్ధపడే రాస్తున్నా.

మీరు చెప్పినవన్నీ ఒప్పుకుంటాను. కానీ సిగ్నల్ చూడటమే తప్పన్నట్టు మాట్లాడకండి. కేలండర్, మెయిల్ సమయాలు టీమ్ మొత్తం మీద కలిపి చూస్తే ఏ మనిషీ నోరు విప్పి చెప్పనివి బయటపడతాయి. ఒక టీమ్‌లో సగం మెసేజీలు రాత్రి తొమ్మిది దాటాక పోతున్నాయని చూపిస్తే పైవాళ్లు కదులుతారు. అదే ఒక ఉద్యోగి నోటితో చెబితే "అందరికీ ఉండేదేగా" అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో చెప్పింది గుర్తుందా? వారానికి 35–40 గంటలు పనిచేసేవాళ్లతో పోలిస్తే 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్లకి పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ. గుండె రక్తనాళాల జబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. గంటలు లెక్కపెట్టడం కూడా సంక్షేమమే.

నిద్రలేనికోడు:
గంటలు లెక్కపెట్టడానికి చాట్ చదవక్కర్లేదుగా? హాజరు సిస్టమ్‌లో గంటలు ఉన్నాయి. వాడని సెలవులు ఉన్నాయి. ఎవరి రోస్టర్, అంటే షిఫ్టుల పట్టిక, ఎన్నిసార్లు మారిందో ఉంది. ఈ డేటా ఇప్పటికే హెచ్‌ఆర్ దగ్గర ఉంది, దాన్ని తెరిచి చూసేవాడే లేడు. వరసగా నెలల తరబడి సెలవు పెట్టనివాళ్ల జాబితా తీయడానికి ఏఐ దేనికి?

"టీమ్ మొత్తం మీద" అన్న మాట కూడా ఎంతకాలం నిలుస్తుందో చూశాం. 2020 నవంబరులో మైక్రోసాఫ్ట్ ప్రొడక్టివిటీ స్కోర్ అని వదిలింది. ఎవరు ఎన్ని మెయిళ్లు పంపారు, మీటింగుల్లో కెమెరా ఆన్ చేశారా లేదా, మనిషి పేరుతో సహా మేనేజర్‌కి కనబడేలా. గగ్గోలు పుట్టాక డిసెంబరు మొదట్లో పేర్లు తీసేస్తున్నామని ప్రకటించారు. పేర్లు పెట్టడం వాళ్లకి మొదట్లో తప్పుగా తోచలేదన్నది నాకు గుర్తుండిపోయింది. యూరోపియన్ యూనియన్‌లో అయితే ఉద్యోగుల భావోద్వేగాలు కనిపెట్టే ఏఐని 2025 ఫిబ్రవరి 2 నుంచి నిషేధించేశారు, వైద్యం, భద్రత కారణాలు తప్ప.

అటుపక్క:
చిన్న సవరణ. ఆ నిషేధం ముఖం, గొంతు లాంటి శరీర లక్షణాల నుంచి భావాలు లాగే ఏఐకి. రాతలో ఉన్న సెంటిమెంట్ చూసేది అందులోకి రాదు. అయితే ఉద్యోగుల పనితీరు, ప్రవర్తన మీద కన్నేసే ఏఐలని అదే చట్టం హై-రిస్క్ కోవలో పెట్టింది. అంటే అమ్మొచ్చు గానీ, అమ్మేవాడికీ వాడేవాడికీ బాధ్యతలు బోలెడు.

నిద్రలేనికోడు:
సవరణ ఒప్పుకుంటున్నా. చట్టానికి అది తేడా, నాకు కాదు. నా చాట్‌ని మెషిన్ చదువుతోందని తెలిసిన రోజునుంచి నేను చాట్‌లో "ధన్యవాదాలు, తప్పకుండా" తప్ప ఇంకేం రాయను. అసలు మాటలు సొంత ఫోన్లో గ్రూపుకి వెళ్లిపోతాయి. మీ ఏఐకి మిగిలేది మర్యాదలే.

లెక్కలపంతులు:
దీనికి పక్కనే ఇంకో ఉదాహరణ. ఈథన్ బెర్న్‌స్టీన్ అనే పరిశోధకుడు చైనాలోని ఒక పెద్ద మొబైల్ ఫోన్ల ఫ్యాక్టరీలో చూశాడు. సూపర్‌వైజర్లకి ప్రతి లైనూ స్పష్టంగా కనబడేలా కట్టిన ఫ్యాక్టరీ అది. కొన్ని లైన్ల చుట్టూ పరదాలు కట్టించాడు. ఆ లైన్లలో ఉత్పత్తి 10 నుంచి 15 శాతం పెరిగింది! పైవాళ్లు చూస్తున్నంతసేపూ కార్మికులు రూలు ప్రకారం చేస్తున్నట్టు నటించేవాళ్లు. పరదా పడ్డాక తమకి తెలిసిన మెరుగైన పద్ధతులు ఒకరితో ఒకరు పంచుకున్నారు. 2012లో వచ్చింది ఇది.

టీమ్‌లీడ్_గోడు:
మేనేజర్ల నోట్స్ గురించి కూడా ఎవరైనా చెప్పండి. మా కొత్త సిస్టమ్‌లో ప్రతి మాటామంతీ మీటింగ్ తర్వాత "ఉద్యోగి వ్యక్తిగత పరిస్థితి" అని ఒక గడి నింపమంటున్నారు. శ్రద్ధ చూపించడానికట.

పాతకాపు:
నింపకండి. 2020 అక్టోబరులో జర్మనీలో హెచ్ అండ్ ఎమ్ అనే బట్టల కంపెనీకి 3.53 కోట్ల యూరోల జరిమానా పడింది సరిగ్గా ఇలాంటి దానికే. సెలవునుంచి తిరిగొచ్చినవాళ్లతో మాట్లాడి, వాళ్ల జబ్బుల వివరాలు, ఇంటి గొడవలు, మతవిశ్వాసాలు కూడా నోట్ చేసి దాచారు. దాదాపు 50 మంది మేనేజర్లు చదవగలిగేవాళ్లు. 2019లో సెట్టింగులో పొరపాటు జరిగి కొన్ని గంటలపాటు కంపెనీ అంతటికీ కనబడటంతో గుట్టు బయటపడింది. కుశలం అడగడం మంచి మేనేజర్ లక్షణం. దాన్ని డేటాబేస్‌లో పెట్టడం వేరే పని.

గోడమీదపిల్లి:
ధ్యానం యాప్ గురించి ఎవరూ మాట్లాడరేం? మాకు ఫ్రీగా ఇచ్చారు. రాత్రి పదకొండింటికి "గాఢంగా ఊపిరి పీల్చండి" అని నోటిఫికేషన్. అదే నిమిషంలో క్లయింట్ మెయిల్.

లెక్కలపంతులు:
ఇక్కడ పరిశోధన బాగానే ఉంది, ఫలితాలే చప్పగా ఉన్నాయి. ఆక్స్‌ఫర్డ్‌లో విలియం ఫ్లెమింగ్ బ్రిటన్‌లోని 233 సంస్థల్లో 46,336 మంది సర్వే జవాబులు చూశాడు, 2024లో అచ్చయింది. ధ్యానం యాప్‌లు, ఒత్తిడి తట్టుకునే శిక్షణ లాంటివి తీసుకున్నవాళ్లు తీసుకోనివాళ్ల కంటే మెరుగ్గా ఏమీ లేరు. అది సర్వే కాబట్టి కారణం ఇదేనని గట్టిగా చెప్పలేం. కానీ ఎవరికి కార్యక్రమం ఇవ్వాలో లాటరీ తీసి చేసిన ప్రయోగాలూ ఉన్నాయి. ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో దాదాపు ఐదు వేల మంది ఉద్యోగుల మీద వెల్‌నెస్ కార్యక్రమం పరీక్షిస్తే, వైద్యం ఖర్చులోనూ సెలవుల్లోనూ చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. గమ్మత్తు ఏమిటంటే, అలాంటి కార్యక్రమాల్లో చేరేవాళ్లు అప్పటికే ఆరోగ్యంగా ఉన్నవాళ్లు. వెండర్ చూపించే "మా యాప్ వాడినవాళ్లు సెలవులు తక్కువ పెట్టారు" అన్న గ్రాఫ్ వెనకున్న మర్మం చాలాసార్లు ఇదే.

రాత్రిషిఫ్ట్:
ఒక్కటి మాత్రం నాకు పనికొచ్చింది. మాకు ఫోన్ కౌన్సెలింగ్ పెట్టారు. బయటి సంస్థ, నంబరుకి నేరుగా చెయ్యడమే, కంపెనీ ఐడీ అడగలేదు. ఇంట్లో కష్టం వచ్చినప్పుడు చేశాను. మాట్లాడింది మనిషి. అది తీసెయ్యమనొద్దు దయచేసి.

పాతకాపు:
తీసెయ్యకూడదు కూడా. సాయం అవసరమైనవాళ్లకి తలుపు తెరిచి ఉండాలి. నా అభ్యంతరమల్లా ఆ తలుపు చూపించి పనిభారం ప్రశ్నని దాటెయ్యడం మీదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌ని, అంటే పనితో పూర్తిగా అరిగిపోవడాన్ని, నిర్వచించినప్పుడు జబ్బు అనలేదు, సరిగా సంభాళించని పని ఒత్తిడి వల్ల వచ్చేది అంది. అంటే మూలం పనిలో ఉంది. ఆ మూలాన్ని సరిచేసినవాళ్లూ ఉన్నారు. ఫోక్స్‌వాగన్ 2011లో షిఫ్ట్ అయిన అరగంటకి కొందరు ఉద్యోగుల కంపెనీ ఫోన్లకి మెయిల్ వెళ్లకుండా సర్వర్ దగ్గరే ఆపేసింది. ఉద్యోగుల ప్రతినిధులతో ఒప్పందం చేసుకుని మరీ. సర్వర్‌లో ఒక సెట్టింగ్ మార్చారు, అంతే.

మోడరేటర్:
కంపెనీ పేరు పెట్టి సొంత గొడవ రాసిన రెండు పోస్టులు తీసేశాను. అనుభవం రాయండి, పేరొద్దు.

కొత్తసీటు:
అందరికీ చాలా థాంక్స్. పైవాళ్లతో మీటింగ్ అయింది. చాట్ చదివే ఏఐ, మూడ్ బొమ్మలు రెండూ వద్దని రాసిచ్చాను. ఒకాయన ఒప్పుకోలేదు, "మరి ఎవరు మానేస్తారో ముందే ఎలా తెలుస్తుంది" అన్నారు. మానేసిన వాళ్ల ఫైళ్లు తీసి చూపించాను. గోడౌన్‌లో వెళ్లిపోయినవాళ్లలో ఎక్కువమందికి ఆఖరి రెండు నెలల్లో షిఫ్టులు విపరీతంగా మారాయి. దాంతో ఆయన ఇంకేమీ అనలేదు. రోస్టర్, షిఫ్ట్ మార్పిడి, పేస్లిప్ ఫోన్‌లో కనబడే ఏర్పాటుకి ముందు డబ్బు ఇస్తామన్నారు. సర్వే మూడు నెలలకోసారి. టీమ్‌లీడ్ గారు చెప్పింది కూడా పెట్టాను: పనిభారం గడి ఎరుపైతే జవాబు రాయాల్సింది మనుషుల్ని ఇవ్వగల అధికారి, టీమ్‌లీడ్ కాదు. దానిమీద ఇంకా నిర్ణయం రాలేదు.

ఇప్పుడు ఒక చిక్కు. గోడౌన్‌లో చాలామందికి ఈమెయిల్ లేదు, కొందరికి స్మార్ట్‌ఫోన్ కూడా లేదు. లాగిన్ ఎలా ఇవ్వాలి?

నిద్రలేనికోడు:
ఉద్యోగి నంబరు, సొంత పిన్‌తో పనిచేసేలా పెట్టండి, ఈమెయిల్ అక్కర్లేదు. ఫోన్ లేనివాళ్లకి హాజరు యంత్రం పక్కనే ఒక టచ్ స్క్రీన్. ఒకరు వదిలెయ్యగానే దానంతటదే లాగౌట్ అవ్వాలి, లేకపోతే వెనకాల నిలబడ్డవాడికి జీతం వివరాలన్నీ కనబడతాయి. సర్వేకి మాత్రం ఉద్యోగి నంబరు వద్దు, ఒకసారే పనిచేసే కోడ్ ఉన్న చీటీలు కలిపి డబ్బాలో వేసి తీసుకోమనండి. ఏ కోడ్ ఎవరికి వెళ్లిందో మీ దగ్గర కూడా ఉండకూడదు.

రాత్రిషిఫ్ట్:
ఆ స్క్రీన్ సూపర్‌వైజర్ గది ఎదురుగా మాత్రం పెట్టకండి. అక్షరాలు పెద్దవిగా, తెలుగులో ఉండాలి. చేతికి గ్లవ్స్ ఉన్నా నొక్కితే పనిచెయ్యాలి, ఇది కొనేముందే చూసుకోండి.